సుబాబుల్ కొమ్మల కోసం

ఇవాళ కీసర దగ్గర సుబాబుల్ కర్ర లారీ మా బస్సు పక్కన ఆగింది. ఆ పచ్చి వాసనకి ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. మేకలు పెంచే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

వత్సవాయిలో అమ్మ రెండు మేకలతో మొదలుపెడితే, వానలు బాగా పడ్డ ఏళ్లలో అవి మందయ్యాయి. ఓ ఎండాకాలం బీడంతా మాడిపోయింది. తల్లుల దగ్గర పాలు లేక మేకపిల్లలు చచ్చిపోసాగాయి. అమ్మ నన్ను వెంటబెట్టుకుని, నా క్లాస్‌మేట్ అమ్మాయి వాళ్ల సుబాబుల్ తోటకి వెళ్లి మేతకి కొమ్మలడిగింది.

"మేతెంతుందో చూసుకుని పెంచుకోవాలి కదమ్మా" అన్నారు వాళ్ల నాన్న.

"నిజమేనండి. ఈ పూటకి కోసుకోనివ్వండి, రేపు సంతలో సగం మేకల్ని అమ్మేస్తా."

ఆయన కోసుకోమన్నారు. ఆ అమ్మాయి గట్టు మీద నిలబడి చూస్తోంది. నేను అమ్మ వెనక దాక్కున్నాను.

అమ్మినవి పోగా మిగిలిన మేకలు బతికాయి. ఆ అమ్మాయి బడిలో ఎవరికీ చెప్పలేదు. అయినా నేను మళ్లీ ఆమె పక్కన కూర్చోలేదు.