పాలిచ్చే పులి

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళు మోశాను. ఇక నా వల్ల కాదు. నా పేరు చెప్పను, చదివే నీకు దానితో పనేముంది? మన కొండల్లో పులులు ఏమైపోయాయని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. దొరలు కాల్చేశారంటారు. కాల్చారు, కాదనను. కానీ ఒకదాన్ని నేను చంపాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు కట్టెబొగ్గుతో నడిచేవి. ఎండాకాలం మేత కోసం మామండూరు అడవిలో పశువుల దొడ్డి వేసుకుని ఉండేవాళ్ళం. పులి పశువును కొడితే ఆ కళేబరాన్ని మాలో ఎవరూ ముట్టేవారు కాదు. "అది దాని వాటా. కడుపు నిండితే మళ్ళా మన దిక్కు రాదు. అదుండబట్టే ఈ లోయలోకి గొడ్డళ్ళు రాకుండా ఉండాయి" అనేవాడు మా మామ, నా భర్త నాయన.

ఆ పులి నా గౌరిని కొట్టింది. దూడప్పటి నుంచి నేను పెంచిన ఆవు. వాటా అట, వాటా! తేనె తీసే గంగన్న, తిరుపతిలో మందుల అంగడికి అమ్మాలని ఏరిన ముష్టి గింజల సంచిని దాచమని నాకిచ్చి పోయాడు. విషపు గింజలని నాకు తెలుసు. మగవాళ్ళు మేతకు పోయాక నానబెట్టి, దంచి, గౌరి మాంసంలో కూరాను. కోపంలో ఒళ్ళు తెలియక చేశానని చెప్పుకుంటే కాస్త ఊరటగా ఉంటుందేమో గానీ, గింజలు నానేదాకా పక్కనే కూర్చున్నదాన్ని, మనసు మార్చుకోవడానికి కావలసినంత సేపు ఉన్నదాన్ని, ఆ మాట ఎలా అనగలను?

మర్నాడు పులి వాగు పక్కన కొయ్యబారి పడి ఉంది. దాని చన్నులు పాలతో బిగిసి ఉన్నాయి. పాలు పిండే చేతులు నావి, నాకు తెలియదా? గుట్ట మీది బండల్లోంచి పిల్లల కూత వినిపించేది. తర్వాత వినిపించలేదు. నేను వెతకలేదు. భయమా? కాదు. చావనీ అనుకున్నాను.

కళేబరంలో గింజల పొట్టు కనిపించింది. ఆ చుట్టుపక్కల అవి ఏరేది గంగన్న ఒక్కడే. వాటాలో విషం పెట్టాడని మావాళ్ళు అతన్ని పట్టుకొచ్చి చింత బరికెలతో కొడుతుంటే, నా దిక్కు చూశాడు.

"అక్కా, సంచి నీ కాడనే పెట్టినా గదా. సెప్పక్కా."

"ఏ సంచి? నాకేం తెలీదప్పా."

గంగన్న పెళ్ళాం బిడ్డలతో కొండ దిగిపోయాడు. ఆ లోయలోకి మళ్ళీ పులి రాలేదు. మామ అన్నట్టే గొడ్డళ్ళు వచ్చాయి, బస్సులకు బొగ్గు కావాలి కదా. చెట్లు పోయాయి, మా మేత పోయింది. మామ చచ్చేదాకా గంగన్ననే తిట్టాడు. ఎదురుగా కూర్చుని అన్నం వడ్డిస్తూ నేను ఊకొట్టాను. ఎంత సిగ్గులేనిదాన్ని!

క్షమించమని అడగడం లేదు. ఎవరిని అడగను? కానీ అతను అడిగినదానికి ఒక్కసారైనా జవాబు చెప్పాలి.

గంగన్నా, సంచి నా దగ్గరే పెట్టావు. గింజలు దంచింది నేనే.