కన్నతల్లి దగ్గర బాడుగ

ఆ రోజుల్లో మాకు కోపం ఉచితంగా దొరికేది. ఇప్పుడైతే కోపం తెచ్చుకునే ముందు బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని గుర్తు చేసుకోవాలి కానీ, అప్పట్లో మొహం కడుక్కోకముందే ఎవరో ఒకరి మీద కోపం సిద్ధంగా ఉండేది. చిత్తూరు బెల్లం మండీ బయట సరుకు బండ్ల స్టాండులో నేనే అందరికన్నా చిన్నవాణ్ణి. బీకాం చదివి, ఉద్యోగం రాక, మా అమ్మ పాడి ఆవులు రెండూ అమ్మి ఇచ్చిన డబ్బు ముందు కట్టి, మిగతాది ఫైనాన్సు పెట్టి బండి కొన్నాను. లారీకి తమ్ముడి వరసయ్యే ఆ చిన్న బండిని మా వైపు అరవ మాటతో 'కుట్టి యానై' అనేవాళ్ళు, అంటే పిల్ల ఏనుగు. (పేరుకే పిల్ల. డీజిల్ తాగడంలో తల్లి ఏనుగే.) నెలనెలా కట్టే కంతు తప్పితే ఫైనాన్సు వాళ్ళు బండి పట్టుకుపోతారు, ఆవులు మాత్రం తిరిగి రావు. ఈ సంగతి మా అమ్మ పాల ప్యాకెట్ కత్తిరించిన ప్రతి పొద్దునా నాకు గుర్తు చేసేది.

అలాంటి రోజుల్లో బాడుగలు పడిపోయాయి. మండీలో ఒక షావుకారి ఉండేవాడు. మాటలు బెల్లం పాకంలా తీగ సాగేవి కనుక ఆయనకు పాకం షావుకారి అని పేరు పెట్టుకున్నాం. ఫోన్లో బుక్ చేస్తే బండి వచ్చే పద్ధతి అప్పుడే మా ఊరికి దిగింది. పాకం షావుకారి ఆ ఫోను మా మొహాల ముందు పెట్టి, "సూడప్పా, తిరుపతికి ఇంతకే వస్తామంటా ఉండారు. మీరు నా బిడ్డల మాదిరోళ్ళు, మీ నోట్లో మన్ను కొట్టేదానికి నాకు మనసొప్పదు. అదే రేటుకు మీరే వచ్చేయండి" అనేవాడు. ఆ రేటుకు పోతే డీజిల్ ఖర్చు పోగా టీ తాగడానికి మిగిలేది, బన్ను తినడానికి మిగిలేది కాదు. అయినా ఒకరికి తెలియకుండా ఒకరం తగ్గించుకుంటూ పోయాం. స్టాండుకు పెద్ద హారన్ మామ. (రహస్యం చెప్పినా వీధి చివరకు వినపడే గొంతు.) ఒకరోజు ఆయన బానెట్ మీద అరచేత్తో చరిచి, "దొంగసాటుగా ఎవురికి వారు తగ్గించుకుంటా పోతే రేపు మనమే షావుకారికి ఎదురిచ్చి తోలాల. ఇంగ చాలు. అందురూ కాణిపాకం పదండి, ప్రమాణం చేద్దాం" అన్నాడు.

కాణిపాకం ప్రమాణం అంటే మా జిల్లాలో ఎంతటివాడికైనా గొంతు తడారిపోతుంది. స్టాంపు పేపరు మీద సంతకం చేసి తప్పినవాళ్ళు ఊరినిండా ఉన్నారు కానీ, వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి చెప్పిన మాట తప్పడానికి గుండె చాలదు. పైగా ఆ స్వామి ఏటేటా పెరుగుతాడని నమ్మకం. "డీజిల్ పెరిగె, సామీ పెరిగె, మన బాడుగే తరిగె" అని హారన్ మామ అంటే అందరం చేతులు జోడించే నవ్వుకున్నాం. ప్రమాణం మాటలు రాసే పని చదువుకున్నవాణ్ణని నాకు అప్పగించారు. ఒకడు అత్తగారింటి వాళ్ళకు మినహాయింపు పెట్టమన్నాడు. ఇంకొకడు తిరుగు లోడుకు పెట్టమన్నాడు. "దేవుడి కాడ కండిషన్లేందిరా, ఆయనేమన్నా ఇన్సూరెన్సోడా?" అని మామ కసిరాడు. దాంతో నేను రెచ్చిపోయి, 'అయినవాళ్ళకైనా కానివాళ్ళకైనా, స్టాండు ఒప్పుకున్న బాడుగకు రూపాయి తగ్గినా బండి తాళం తిప్పను' అని రాసి చదివాను. అయినవాళ్ళకైనా కానివాళ్ళకైనా! ఆ మాట నోట్లో ఎంత బాగా తిరిగిందో చెప్పలేను. మీసం లేని చోట మీసం తిప్పుకున్నాను.

అందరం రెండు బండ్ల వెనక ఎక్కి, జై కొట్టుకుంటూ బయల్దేరాం. ఊరు దాటామో లేదో బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదన్న రూలు తెల్లారి లేస్తే బండి తోలే మాకు, అదేమిటో, ఒక్కరికీ గుర్తు రాలేదు. హారన్ మామ కిందికి దూకి, "మేము మనుషులం కాదు సార్, ఓనర్లం" అన్నాడు. "అట్లనా? అయితే సరుకు కిందే రాసుకుంటా. సరుక్కు బిల్లు యాడ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు నవ్వకుండా. ఇక ఫైను కట్టక తప్పలేదు. రసీదు రాస్తుండగా మామ గొంతు తగ్గించి (అంటే మామూలు మనుషులు అరిచినంతగా) అడిగాడు: "లోడు ఎక్కువైతే ఫైను. ఎత్తు ఎక్కువైతే ఫైను. మనుషులెక్కితే ఫైను. సరే సార్, కడతాం. బాడుగ తక్కువిచ్చినోడికి ఎంత సార్ ఫైను?" ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. "దానికి సెక్షను లేదప్పా" అన్నాడు. మా బండి ఎంతవరకు నింపాలో చెప్పే రూలు ఉంది, మా కడుపు ఎంతవరకు ఎండాలో చెప్పే రూలు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా సరదాగా వచ్చినవాణ్ణి, అక్కడినుంచి నిజంగా ప్రమాణానికే పోయాను.

బండ్లు టీ అంగడి దగ్గర పెట్టి ఆటోలను పిలిచాం. ముందొచ్చిన ఆటో అబ్బి చెప్పిన రేటుకు మామ కళ్ళు తేలేసి, "ఏమప్పా, ఇంతమందిమి ఉండాం, సూసి తగ్గించుకోకూడదా?" అన్నాడు. "ఇంతకీ యాడికి, ఏం పని?" అన్నాడు ఆటో అబ్బి. అందరూ నోరు మూసుకుంటే, చదువుకున్న తెలివితో నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. అతను ఇంజను ఆపి మరీ నవ్వాడు. "మీ బాడుగ తగ్గకూడదని దేవుడికాడికి పోతా, నా బాడుగ తగ్గిస్తారా మామా? ఆ సామి ఒప్పుకుంటాడా?" అడిగినంతా ఇచ్చాం. స్నానాలు చేసి, స్వామి ముందు నిలబడి, నేను రాసిన మాటలు హారన్ మామ చెబుతుంటే అందరం గొంతులు చించుకుని పలికాం. క్యూలో ఉన్న భక్తులు ఏదో హత్య కేసనుకుని పక్కకు తప్పుకున్నారు.

వారం తిరగకముందే మా అమ్మ, "ఒరే, పుత్తూరు పక్కన మీ మేనమామ మనకు శెనక్కాయ మూటలు ఎత్తిపెట్టినాడంట. బండి తియ్యి, పోయొద్దాం" అంది. బాడుగ ఇస్తేగానీ రాలేనని నసిగాను. మొదట నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపింది. ప్రమాణం మొత్తం అప్పజెప్పాను. "అయినోళ్ళకైనా అని రాసిన చెయ్యి ఎవురిదిరా?" అంది. నాదేనన్నాను. "నా ఆవులమ్మి కొన్న బండికి నేనే బాడుగ ఇయ్యాల్నా? ఒట్టు తప్పితే ఏమైతాది, కాళ్ళిరుగుతాయా? పొయ్యేది పుత్తూరుకే గదా, ఆడ్నే కట్టు కట్టిస్తా పద!" (విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టని కుటుంబం మా వైపు ఉండదు.) పెరట్లోకి పోయి హారన్ మామకు ఫోన్ చేశాను. ఆయన, "అల్లుడూ, నీకు తల్లి ఒకతే. స్టాండులో ఇంటికొక తల్లి ఉండాది. నువ్వు వంగితే రేపు అందురి అమ్మలూ వచ్చి బండెక్కుతారు" అన్నాడు. ఆ మాట మా పెరట్లోంచి వంటింటిదాకా వినపడింది.

అమ్మ బేరానికి దిగింది. పోయేటప్పుడు ఖాళీయే కదా, సగం తీసుకోమంది. నేను తల వంచుకుని అడ్డంగా ఊపాను. చివరికి బియ్యం డబ్బాలోంచి నోట్లు తీసి నా చేతిలో కుక్కింది. "ఇంద. ఇంగ నేను నీకు అమ్మను కాదు, పార్టీని." బాడుగకు బండి పిలిచినవాళ్ళను మేము పార్టీ అనేవాళ్ళం, నా దగ్గరే నేర్చుకుంది. ముందు సీట్లో కూర్చుని, పోను రాను నన్ను డ్రైవరూ అనే పిలిచింది. "డ్రైవరూ, ఈడ ఆపు, టీ తాగాల." "డ్రైవరూ, మూటలు జాగ్రత్తగా ఎత్తు." ఆగిన ప్రతి టీ అంగడిలో, "వీడు నా కడుపున పుట్టినోడే. నాకాడ బాడుగ తీసుకున్నాడు" అని అందరికీ పరిచయం చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే దారి కనపడదని ఆపుకుని బండి తోలాను.

ఇంకో నాలుగు రోజులకు మబ్బు పట్టింది. చెమ్మ తగిలితే బెల్లం చెడుతుంది. పాకం షావుకారి బుక్ చేసిన ఫోను బండ్లు, లోడు ఎత్తేదాకా కాచుకోవాలని తెలిసి ఒకటొకటే రద్దు చేసుకున్నాయి. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చిన్నవాణ్ణి, మెత్తనివాణ్ణి. "నాయనా, సదువుకున్నోడివి, ఈ మోటోళ్ళ మాట నీకేల? ఒక్క ట్రిప్పు ఆ ఫోను రేటుకే పోయిరా. ఎవురికీ చెప్పను. నెలంతా లోడు నీకే." కంతు కట్టే రోజు దగ్గర పడింది. నిజం చెబుతున్నాను, నా నాలుక మెత్తబడింది. సరే అనే మాట పళ్ళదాకా వచ్చింది. అంతలో వెనకనుంచి ఆయన గుమాస్తా, "వీడితో మాటలు దండగ సామీ. కన్నతల్లి కాడే బాడుగ వసూలు చేసినోడు వీడు. పుత్తూరు దారంతా ఇదే చెప్పుకుంటా ఉండారు" అన్నాడు. షావుకారి ఒక అడుగు వెనక్కి వేసి, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"అమ్మకాడా?"

"అవును" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బేరం ఆడింది కూడా. తగ్గలేదు."

"అయితే ఇంగ మాకేం తగ్గిస్తావులే, పోయి బండ్లన్నీ పిల్సుకోని రా" అన్నాడాయన. మా రేటుకు, మా అందరి బండ్లలో, వాన పడకముందే ఆ బెల్లం తిరుపతి చేరింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "అంటే నా నోటి వల్లే గదరా మీ బాడుగ నిలబడింది? నా కమీషనేదీ?" అంది.

ఆ బాడుగ మరో రెండు సీజన్లు నిలబడింది. తర్వాత ఆ ఫోను బుకింగు అందరి చేతుల్లోకీ వచ్చింది, స్టాండు పలచబడింది, హారన్ మామ బండి అమ్మేసి కోళ్ళ అంగడి పెట్టుకున్నాడు. నేను మాత్రం తల నెరిసినా తోలుతూనే ఉన్నాను. ఇప్పుడు పోట్లాడటానికి ఎదురుగా మొహమే లేదు. ఫోను మోగుతుంది, రేటు చూపిస్తుంది. వద్దని నొక్కితే కారణం అడుగుతుంది: దూరమా, బండి రిపేరా, పార్టీ ఫోన్ ఎత్తడం లేదా? బాడుగ తక్కువ అనే కారణం మాత్రం అందులో ఉండదు. అడుగున 'ఇతర కారణం' అని ఒకటుంటుంది, దాని కింద చిన్న గడి. నేను బండి పక్కకు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ గడిలో 'గిట్టదు' అని రాసి పంపిస్తాను. ఇలా వద్దంటూ పోతే బుకింగులు తగ్గిస్తామని ఎన్నిసార్లు బెదిరించిందో. తగ్గించుకోనీ. "అది మిషను నాయనా, ఎవురూ చదవరు" అంటుంది మా అమ్మాయి. చదవకపోనీ. తడిబట్టలతో దేవుడి ముందు గొంతు చించుకున్న ఆ కుర్రాడు, రోడ్డు పక్కన బండి ఆపుకుని ట కింద వత్తు ఎక్కడుందా అని ఫోనంతా తడుముకుంటున్న ఈ పెద్దమనిషిని చూస్తే పడీపడీ నవ్వుతాడు. నవ్వనీ. వత్తు దొరికేదాకా నేను బండి తీయను.