మైకు గారి బటన్ల ఫోను

మా అన్నయ్యను బస్టాండులో అందరూ మైకు అనే పిలిచేవారు. అసలు పేరు అడిగితే డిపో మేనేజరు కూడా తడుముకునేవాడు. అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం అన్నయ్య ఉద్యోగం. మైకు నొక్కేముందు ఫ్యాను ఆపేవాడు, దాని చప్పుడు జనానికి వినబడకూడదట. చొక్కా వీపుకు అతుక్కుపోతున్నా ఆ పట్టింపు వదల్లేదు. పక్కనే టిక్కెట్ల కౌంటరులో నేను. "అన్నయ్యా, ఆ ఫ్యాను వేసుకో! ఇక్కడెవరూ నీ కచేరీ వినడానికి రాలేదు" అని అరిచేదాన్ని. వింటేగా!

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. పరీక్షలు చేసి, అది చెడ్డ పుండని తేల్చి, మాట పుట్టే చోటును మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ రోజు దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఒళ్లంతా వదిలేసి ఆయన గొంతే దొరికిందా నీకు అని అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

తర్వాత అన్నయ్య చేతిలో ఉన్న మామూలు టచ్ ఫోను మీదే రాసి చూపించేవాడు. అవి లావుపాటి వేళ్లు. ఒకటి నొక్కబోతే ఇంకోటి పడేది. తల వంచుకుని, కళ్లు చికిలించి, తప్పులు దిద్దుకుని ఆయన తలెత్తేసరికి ఎదుటివాళ్లు ఆ సంగతి వదిలేసి ఇంకో సంగతిలో ఉండేవారు. రెండు మూడుసార్లు అలా చూసి ఫోను జేబులో పెట్టేసేవాడు. "మాట పోయినందుకు కాదే అమ్మాయ్ నా భయం. మీ అన్నయ్య ఊరుకుండిపోతున్నారు" అంది వదిన.

దానికి తోడు ఇంకో బాధ. కుట్లు ఆరాయో లేదో, ఆ ఫోన్లో ఎక్కడ చూసినా గొంతు మందుల ప్రకటనలే. "మీ కుటుంబానికి బీమా ఉందా" అంటూ ఎవరో ఫోన్లు. నా గొంతు సంగతి వీళ్లకెవరు చెప్పారని అన్నయ్య మండిపడ్డాడు. మండిపడటానికి కూడా నోరు లేదు, బల్ల మీద గుద్దాడు.

సెల్ షాపతను అప్పుడు చూపించాడు ఆ కొత్త ఫోను. కింద సగం నిండా నిజం బటన్లు. "ఇప్పుడే దిగింది సార్. మీ సంగతులు ఎవడికీ చెప్పదు. తాళం వేశారంటే తయారుచేసినవాడు కూడా తీయలేడు. ఇదిగో, ఇది పలక లాంటి పేజీ. తెర ఆరి తాళం పడేదాకానే రాసింది ఉంటుంది. పడిందా, చెరిగిపోతుంది. మైకు ఆపేసే స్విచ్చు కూడా పక్కనే ఉంది సార్" అన్నాడు.

అన్నయ్య దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కుర్రతనంలో టైపు నేర్చుకున్న మనిషి. బొటనవేళ్లతో బటన్లను ఒక్కసారి తడిమి, నా ముఖంలోకి చూస్తూనే గబగబా నొక్కేసి నాకు చూపించాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలే. "నాకు డాక్టరు పెట్టిందీ అదే స్విచ్చు. నీకేమిటే, ఇంత జుట్టు నెరిసింది?" అని ఉంది. ఆపరేషను తర్వాత ఆయన నా కళ్లలోకి చూస్తూ మాట్లాడటం అదే మొదలు. షాపులోనే నవ్వాను, ఏడ్చాను, ఆ షాపతను ఏమనుకుంటే నాకేం!

మర్నాడు బస్టాండులో దాని చుట్టూ మూగారు. "అబ్బ! నొక్కితే నొక్కినట్టు తెలుస్తోంది గురూ" అని కండక్టర్లు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారు. టీ కొట్టు ఆవిడ తడిచేతులు తుడుచుకుని మరీ పట్టుకుని, ఇది మనిషి చేతికి చేసిన ఫోను అంది. కాపలాదారు మాత్రం దగ్గరికి జరిగి, "దీంట్లో ఉన్నది మా ఆవిడ కూడా చూడటం కుదరదా?" అని గుసగుసగా అడిగాడు. కుదరదని అన్నయ్య రాశాడు. "అయితే నాకూ ఒకటి తెప్పించండి" అన్నాడు. అన్నయ్య భుజాలు కదిలేలా నవ్వాడు. చప్పుడు లేని ఆ నవ్వు చూసి మేమంతా నవ్వాం.

ఇంట్లో అయితే ఇంక చెప్పనక్కర్లేదు. అన్నయ్య పలక మీద రాయడం, వదిన కూడబలుక్కుని పైకి చదవడం, చదివినదానికి తనే జవాబివ్వడం. "'కూరలో ఉప్పెక్కువైంది'. ఏం, నిన్న తక్కువైందని మీరు కాదూ అన్నది? 'నిన్నటిది కూడా ఇందులోనే వేశావు'. ఆహా, ఎంత తెలివి!" పోట్లాటలో రెండు వైపులా ఆవిడ గొంతే. వీధిలో పోయేవాళ్లు ఈవిడకేమైందని ఆగి చూసేవారు.

"రాసినవన్నీ చెరిగిపోతున్నాయి, ఎక్కడైనా దాచండి" అని వదిన ఒకసారి బతిమాలింది. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "మాటలెవరైనా దాచుకుంటారా? ఇన్నేళ్లు మైకులో చెప్పినవి ఎవరు దాచారు? అన్నామా, విన్నారా, అంతే. నన్ను మాట్లాడనీ" అని రాశాడు.

పుండు మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లోకి. డాక్టర్లు మాతో మాట్లాడేటప్పుడు నేల వైపు చూడటం మొదలుపెట్టారు. వదినకు ఒకటే పట్టుదల, ఆయన ఏం చెప్పాలనుకున్నా పక్కనే ఉండి చదవాలని. మంచం దిగలేని మనిషికి ఆవిడే గొంతు. స్నానానికి వెళ్లినా పరుగున వచ్చేది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో మందులు తెమ్మన్నారని వదిన కిందికి వెళ్లింది. నేను బస్టాండు కౌంటరులో ఉన్నాను. మందుల కొట్టు దగ్గర వరుస కదలలేదు. పైన అన్నయ్యకు ఆయాసం ఎక్కువైంది. తలుపు వైపే చూస్తూ చాలాసేపు బటన్లు నొక్కాడట. నొక్కి, ఫోను నర్సమ్మాయి చేతిలో పెట్టి, తలుపు చూపించాడు. వదినకివ్వమని. ఆ అమ్మాయి సరేనని, పక్కనున్న మీట నొక్కి, తెర ఆర్పి, జేబులో వేసుకుంది. వెంటనే ఆయన్ను లోపలి గదిలోకి తోసుకెళ్లారు. వదిన మందుల సంచితో వచ్చేసరికి అంతా అయిపోయింది.

తాళం తీసే మాట వదినకు తెలుసు. అక్కడే నిలబడి కొట్టి తెరిచింది. పలక తెల్లగా ఉంది. నేను వెళ్లేసరికి కిందికీ పైకీ జరుపుతూనే ఉంది. "పరాయివాళ్ల మాటలు చదవకూడదు కదమ్మా, అందుకే ఆర్పేశాను" అని నర్సమ్మాయి ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎవర్ని తిట్టను? ఆ పిల్ల చేసింది మర్యాదే కదా. వదినే ఆ పిల్ల తల నిమిరి, "మంచిపనే చేశావు తల్లీ" అంది.

కర్మకాండలు అయ్యాక ఆవిడ తిండి మానేసింది. "ఏమని ఉంటారే? ఆలస్యం చేశానని తిట్టారంటావా? తిట్టినా సరే, ఆ తిట్టు నాకు కావాలి" అని ఒకటే మాట. చివరికి ఫోను పట్టుకుని సెల్ షాపుకు బయల్దేరింది. వద్దన్నా వినలేదు, నేనూ వెళ్లాను.

షాపతను ఫోను అందుకున్నాడు, కానీ తెరవలేదు. "చెరిగింది తీయలేనమ్మా. నేనే కాదు, ఎవరూ తీయలేరు. ఆ రోజు సారుకు చెప్పింది నిజమే చెప్పాను" అన్నాడు. పాపం, అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

పక్కన ఒకాయన అలాంటిదే కొత్త ఫోను పట్టుకుని బటన్లు టకటకలాడిస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "ఎన్నాళ్లకు వచ్చిందండీ ఇలాంటిది! మీ దగ్గరా ఇదే ఉందే, ఎలా ఉందమ్మా?" అని వదినను అడిగాడు.

వదిన ఫోను సంచిలో పెట్టుకుంది. "మంచి ఫోను బాబూ, తీసుకోండి" అంది. "ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది మాత్రం దీంట్లో రాయకండి. నోటితో చెప్పండి. మీకు నోరుంది."

ఆయన వేళ్లు ఆగిపోయాయి. మేం మెట్లు దిగాం. రోడ్డు మీదికి రాగానే వదిన నా భుజం పట్టుకుని కూలబడిపోయింది. "ఏమన్నారే అమ్మాయ్, నాతో ఏమన్నారే?" అని నన్నే అడిగింది. నేను ఆవిడను పట్టుకుని రోడ్డు పక్కన అలాగే కూర్చుండిపోయాను.