టెన్త్ తప్పిన పక్కింటి అక్క

నా చిన్నప్పుడు, నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, ఎవరైనా “ఏం క్లాసమ్మా?” అని అడిగితే చాలు, అక్కణ్నుంచి తప్పుకునేదాన్ని. ఆరో క్లాసు అని చెబితే అబద్ధమేమో అనిపించేది. కాదంటే మరి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆ ఏడు నేను ఏ క్లాసు పిల్లనో మా హెడ్మాస్టారు కూడా తేల్చి చెప్పలేకపోయారు.

నేను చేతకానిదాన్నేం కాదు. మా నాన్న నాగాయలంక దగ్గర మా పాలెం వదిలి పారాదీప్ రేవులో పడవల మీద పనికి వెళ్లాడు. నేను నడక నేర్చిందీ, బడికి వెళ్లిందీ అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాకు ఐదో క్లాసు అయ్యేసరికి ఇక్కడ రొయ్యల చెరువులు ఊపందుకున్నాయి. పెదనాన్న కబురు చేస్తే నాన్న మమ్మల్ని తీసుకుని తిరిగొచ్చేశాడు. నేను తెలుగు గడగడా మాట్లాడేదాన్ని, పోట్లాటలో అయితే మరీ బాగా మాట్లాడేదాన్ని. కానీ ఒక్క అక్షరం చదవడం రాదు. హైస్కూల్లో చేర్చడానికి వెళితే ఒడియాలో ఉన్న నా టీసీని గుమస్తాగారు అటు తిప్పి ఇటు తిప్పి, ఏది పైనో ఏది కిందో తెలియక హెడ్మాస్టారి చేతిలో పెట్టారు.

హెడ్మాస్టారు చెడ్డమనిషి కాదు. ఒక దారి చెప్పారు. “ఇప్పటికి ఆరో క్లాసులో కూర్చోమనండి. దసరా సెలవులయ్యాక నేనే తెలుగు వాచకం ఇచ్చి చదివిస్తాను. చదివితే ఆరు. చదవలేకపోతే మీ పాలెంలో ఎలిమెంటరీ స్కూలుంది కదండీ, రెండో క్లాసు నుంచి మొదలెట్టించండి.” నాన్న చేతులు కట్టుకుని సరేనండీ అన్నాడు. దారిలో నాతో మాత్రం ఇంకో మాట అన్నాడు. “రెండో క్లాసు పిల్లల్లో కూర్చుంటే నలుగురూ నవ్వుతారమ్మా. దానికన్నా పెద్దమ్మతో షెడ్డుకెళ్లడం నయం.”

షెడ్డు అంటే రొయ్యలకు తలకాయలు తీసే చోటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడాలి. పెద్దమ్మ వేళ్ల చివర చర్మం ఎప్పుడూ తెల్లగా నాని ఊడిపోతూ ఉండేది. కారం తగిలితే మండుతాయని ఆమె మజ్జిగన్నం తప్ప కలుపుకునేది కాదు. ఆ వేళ్లు నేను రోజూ చూస్తున్నాను. నాన్న ఆ మాట అన్నప్పటి నుంచి అన్నం తినేటప్పుడు నా వేళ్లు నేనే చూసుకునేదాన్ని.

బడిలో నా బతుకు దొంగ బతుకే. బోర్డు మీద రాసింది బొమ్మలు గీసినట్టు గీసుకునేదాన్ని. అందరూ కలిసి చదువుతుంటే నేనూ పెదాలు కదిపేదాన్ని. తెలుగు మాస్టారు ఒక్కొక్కరినీ లేపి చదివించే రోజున మంచినీళ్లకని వెళ్లి గంట కొట్టేదాకా తిరిగొచ్చేదాన్ని కాదు. ఎవరైనా పక్కకు వస్తే పుస్తకం మూసేసేదాన్ని. ఒక్క ఇంగ్లీషు పీరియడ్‌లోనే ఊపిరి తీసుకునేదాన్ని. పారాదీప్ బడిలో మా మాస్టారు బెత్తం పట్టుకుని మరీ ఇంగ్లీషు అక్షరాలు దిద్దించారు కాబట్టి చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదివేదాన్ని. ఇక్కడి పిల్లలు అప్పటికి ఏబీసీడీల దగ్గరే ఉన్నారు. చదివిందానికి నాకు అర్థం తెలియదనుకోండి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. పంతొమ్మిదేళ్లుంటాయి. బందరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుని, టెన్త్ తర్వాత పాలెం వచ్చేసింది. వాళ్లమ్మది ఎండుచేపల వ్యాపారం. నేను ఆమెను అత్త అనేదాన్ని. సాయంత్రం పూట అక్క పని, ఇంటి ముందు ఆరబోసిన చేపల దగ్గర కర్ర పట్టుకుని కూర్చుని కాకుల్ని, కుక్కల్ని తోలడం. నేను బడి నుంచి వచ్చి మా అరుగు మీద పుస్తకం తెరవడం, ఎవరైనా అటు వస్తే టప్పున మూయడం, ఆమె అక్కడి నుంచి ఎన్నాళ్లుగా చూస్తోందో నాకు తెలియదు.

ఒకరోజు నన్ను పిలిచింది. ఒడిలో ఆరో క్లాసు ఇంగ్లీషు పుస్తకం ఉంది. ప్రతి ఇంగ్లీషు వరుస మీదా పెన్సిలుతో తెలుగు అక్షరాలు రాసి ఉన్నాయి. తెలుగు మీడియం పిల్లలందరికీ ఉన్న అలవాటే అది. ఇంగ్లీషు మాట పలికే తీరు పైన తెలుగులో రాసుకుని, కిందికి చూడకుండా చదివేస్తారు. అక్క గొంతు తగ్గించి, తను టెన్త్ ఇంగ్లీషులో తప్పానని చెప్పింది. ఏళ్ల తరబడి పై వరుసే చదివి కింద వరుస నేర్చుకోలేదట. మళ్లీ పరీక్ష రాయాలట, మొదటి నుంచీ చదువుకోవాలట. “నీకు ఇంగ్లీషు అక్షరాలు బాగా వచ్చంటగా? నువ్వు కిందది చదివి వినిపించవే. నేను పైది చదువుతా. ఇద్దరిదీ కలిసిందో లేదో చూసుకుందాం.”

నాకు ఒక్కసారిగా రెండు కొమ్ములు మొలిచాయి. అన్నాళ్లూ నాకు రానివే అందరికీ కావలసి వచ్చాయి. ఇప్పుడు నాకు వచ్చింది ఒకరికి కావలసి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి నేను టీచరమ్మను. చేపల పక్కనే గోనెపట్టా వేసుకుని కూర్చునేవాళ్లం. నా వేలు కింద వరుస మీద, అక్క వేలు పై వరుస మీద. వాన చినుకు పడితే ఇద్దరం లేచి చేపల మీద బరకం కప్పి మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లం. అక్క మెల్లగా, ఒక్కో అక్షరం మీద వేలు ఆపి చదివేది. పాపం, మనిషికి ఎంత నిదానమో అని జాలిపడేదాన్ని. ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఆమె నవ్వేది.

పదిహేను రోజులయ్యాక అక్క వేళ్లు మార్చమంది. కింద వరుస తను చదువుతుందట, పై వరుస నేను చదవాలట. అప్పుడే తనకు ప్రాక్టీసు అవుతుందంది. నేను సరేనన్నాను. పై వరుసలోవి తెలుగు అక్షరాలనీ, అవి నాకు రావనీ ఆ క్షణాన నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చేసరికి సగం పేజీ చదివేశాను. అయినా ధైర్యం చిక్కలేదు. చదివింది ఇంగ్లీషు మాటలే కదా, తెలుగు కాదు కదా, అసలు వాచకం వేరు కదా అని నాలో నేనే వాదించుకునేదాన్ని. తెలుగు వాచకం మాత్రం సంచిలోంచి బయటికి తీయలేదు. దసరా దగ్గర పడేకొద్దీ దాన్ని ఇంకా అడుగుకు తోసేదాన్ని.

భయం ఎంత ఉన్నా నోరు ఊరుకోదు కదా. అక్కకు నేను ఇంగ్లీషు చెబుతున్నానని పాలెమంతా డప్పు కొట్టాను. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లందరికీ చెప్పాను. వాళ్లు అక్కను చూసినప్పుడల్లా “ఏమ్మా, తప్పావంట కదా? బందరులో అంతకాలం ఏం చదివావు మరి?” అని ఆట పట్టించేవాళ్లు. అక్క బిందె ఎత్తుకుని నవ్వుతూ వెళ్లిపోయేది.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం జీపులో ఒక మేడంగారు వచ్చారు. మా పాలెంలో కొత్తగా అంగన్‌వాడీ పెడుతున్నారు, పిల్లల్ని చూసుకోవడానికి టెన్త్ పాసైన అమ్మాయి కావాలని బోరింగు దగ్గర ఆగి అడిగారు. తప్పిన సంగతి తెలియని ఎవరో అక్క పేరు చెప్పారు. మేడంగారు కాగితం మీద పెన్ను పెట్టబోతుంటే నేను బిందెల మధ్యలోంచి ముందుకొచ్చి, “ఆ అక్క తప్పిందండీ! నేనే ఇంగ్లీషు చెబుతున్నానండీ!” అన్నాను. అందరూ నవ్వారు. మేడంగారు కూడా నవ్వి నా బుగ్గ గిల్లి, పక్క వీధిలో ఇంకో అమ్మాయి పేరు రాసుకుని వెళ్లారు. ఆ బుగ్గ గిల్లడం గురించి నేను రెండు రోజులు గొప్పగా చెప్పుకున్నాను.

దసరా సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన రోజునే హెడ్మాస్టారు కబురు పంపారు. ఆయన గదిలో నాన్న ఒక పక్కన నిలబడ్డాడు. మాస్టారు తెలుగు వాచకం తీసి మధ్యలో ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు. నేను అలవాటు కొద్దీ వేలు పెట్టి, కింద వరుస కోసం వెతికాను. కింద ఇంగ్లీషు లేదు. ఏమీ లేదు. చెమటతో వేలు కాగితానికి అతుక్కుంది. నాన్న నావైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన కళ్ల ముందు షెడ్డే ఉందనిపించింది.

మొదటి మాట అక్షరం అక్షరంగా పలికాను. అది ‘అమ్మ’. రెండోది పలికాను, ‘పొద్దున్నే’. మూడోది, ‘లేచి’. అప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది. అప్పటిదాకా తెలుగు అక్షరాల్లో నేను చదివిందంతా అర్థం తెలియని ఇంగ్లీషే. ఇవి మాత్రం మా ఇంట్లో మాటలు. మా అమ్మ రోజూ అనే మాటలు. కాగితం మీంచి అవి నాతో మాట్లాడుతున్నాయి. ఒత్తుల దగ్గర తడబడ్డాను, ఒకచోట రెండు వరుసలు కలిపేశాను, ఏడుస్తూనే చదివాను. పేజీ తిప్పబోతే మాస్టారు పుస్తకం మూసేశారు. “చాల్లేమ్మా. వెళ్లి మీ క్లాసులో కూర్చో,” అన్నారు. నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్లి పుస్తకాల సంచితోనే అక్క వాళ్లింట్లో దూరాను. నాకు వచ్చేసిందక్కా, ఇంక నువ్వు కూడా పాసైపోతావు అని అరిచాను. అక్క ముఖం వెలిగిపోయింది. వెనకనే అత్త గదిలోంచి వచ్చింది, చేతిలో ఒక కాగితం. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“పాసవ్వడమేంటే పిచ్చిదానా! ఇది చూడు. మూడేళ్ల కిందటే పాసైంది. ఇంగ్లీషులో బందరు బడికే ఫస్టు వచ్చింది. ఆ మేడం వచ్చిన రోజునే ఇది పట్టుకెళ్లి చూపిస్తానన్నాను. వద్దమ్మా, ఆ పిల్ల పరీక్ష అయ్యేదాకా ఆగు, ఇప్పుడు తెలిస్తే మళ్లీ పుస్తకం మూసేస్తుంది అని కాళ్లావేళ్లా పడింది. ఇవాళ వెళ్లి అడిగితే ఆ ఇంకో పిల్ల పేరు ఎప్పుడో పైకి వెళ్లిపోయిందంట!”

“ఊరుకో అమ్మా, పిల్ల ముందు,” అంది అక్క.

నేను ఆ కాగితం చదివాను. పైన అక్క పేరు తెలుగులో, ఇంగ్లీషులో కూడా ఉంది. రెండూ చదవగలిగాను. అంతకు ముందెప్పుడూ చదవడం వచ్చినందుకు అంత బాధపడలేదు, తర్వాతా పడలేదు. ఆ పుస్తకంలో పెన్సిలు రాతలన్నీ ఎప్పటివో కావని, నా కోసమే కొత్తగా రాసినవని కూడా అప్పుడే అర్థమైంది.

నాకు ఏడుపొస్తే అది కోపంగా బయటికి వస్తుంది. ఇప్పటికీ అంతే. “నువ్వు నాతో అబద్ధం చెప్పావు!” అని అరిచి వచ్చేశాను. నాలుగు రోజులు వాళ్ల వాకిట్లోకి చూడలేదు. కోపమని అందరూ అనుకున్నారు. నిజానికి నాకు ముఖం చెల్లలేదు. జీపు ముందుకెళ్లి నిలబడింది నేనే. ఐదో రోజు అక్కే దడి అవతల నుంచి పిలిచింది. “ఏమే, తెలుగు వచ్చేసిందని ఇంగ్లీషు మానేస్తావా?” వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఎందుకలా చెప్పావని అడిగితే, కర్రతో కాకిని అదిలిస్తూ మామూలుగా చెప్పింది. “అన్నీ వచ్చినవాళ్ల ముందు నీకు సిగ్గు. రానిదాని ముందైతే సిగ్గుండదు కదా అనుకున్నా. అంతే.” ఉద్యోగం మాట నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. రెండేళ్లకు పెళ్లయి కోడూరు వెళ్లిపోయింది.

నేను ఇప్పుడు బందరు దగ్గర సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. రొయ్యల ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచి కుటుంబాలు వస్తున్నాయి. వాళ్ల పిల్లలు మా బడిలో చేరుతున్నారు. ఈ మధ్య ఆరో క్లాసులో ఒక పాప చేరింది. తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు, మనిషి కనబడితే నోట్‌బుక్ మూసేస్తుంది. ఒడియాలో పలకరిద్దామని నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. ఇన్నేళ్లలో అంతా మర్చిపోయాను. “నాకు మీ భాష రాదమ్మా, నువ్వు నేర్పు, నేను నీకు ఇది నేర్పుతా” అంటే సరిపోతుంది. అది నాకు తెలుసు. కానీ నలభై మంది పిల్లల ముందు, ఇన్నేళ్ల సర్వీసు ఉన్నదాన్ని, నాకు రాదు అనడానికి నోరు పెగల్లేదు. ఇవాళ అందాం, రేపు అందాం అనుకుంటూనే మూడు రోజులు గడిపి, నాలుగో రోజు అన్నాను. ఆ పాప నోట్‌బుక్ తెరిచింది.

నాకు నిజంగానే రాదు. ఉన్న నిజం చెప్పడానికే నాకు మూడు రోజులు పట్టింది. పంతొమ్మిదేళ్ల మా అక్క, అన్నీ వచ్చి ఉండి, రాదని పాలెమంతా నవ్వుతుంటే నా కోసం రెండు నెలలు ఊరుకుంది.