రత్నం మేడం ఫోను

శేషారత్నం మేడం పోయి నెల కావస్తోంది. ఆమె గురించి మన సంఘం వెబ్‌సైటులో రాయమని అందరూ నాకే చెప్పారు. ఇన్నాళ్లూ రాయలేకపోవడానికి కారణం ఆమె ఫోను. పనుల కోసం వచ్చే ఫోన్లు ఎత్తడానికి అది నా దగ్గరే ఉండేది. కాగితం ముందు కూర్చున్నానో లేదో మోగేది. లేచి మాట్లాడి వచ్చేదాన్ని. మళ్లీ కూర్చునేసరికి ఏం రాయాలనుకున్నానో గుర్తుండేది కాదు.

గుండెపోటు వచ్చిందని, దవాఖానకు చేరేలోపే అయిపోయిందని వాళ్లమ్మాయి మాధవి చెప్పినప్పుడు పెనం మీద జొన్నరొట్టె ఉంది. అది మాడిపోయిన వాసన కూడా నాకు తెలియలేదు. ముందురోజు సాయంత్రమే మేడం ఫోను చేసి, కర్మన్‌ఘాట్ వాళ్లకు ఆదివారం రొట్టెలు ఒప్పుకున్నానన్నారు. ఆ ఆదివారం చేసి పంపాను. ఊరికే కూర్చోలేకపోయాను.

మేడంది మచిలీపట్నం వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో కంప్యూటర్ పని చేసి, అది మానేశాక మీర్‌పేట్‌లో మన మహిళా సంఘంలో చేరారు. కుట్టేవాళ్లకు, వండేవాళ్లకు, పచ్చళ్లు పెట్టేవాళ్లకు వెబ్‌సైటులో తలా ఒక పేజీ ఉండాలని పట్టుబట్టారు. ఫోటోలకు అందరం పట్టుచీరలు కట్టుకుని వెళ్లాం. "పెళ్లికొచ్చారా, పనికొచ్చారా?" అని నవ్వి వెనక్కి పంపి, ఇంటింటికీ తిరిగి మిషన్ల ముందు, పొయ్యిల ముందు ఫోటోలు తీశారు.

మొదట ఎవరి పేజీలో వాళ్ల నంబరే ఉండేది. జాకెట్లు కుట్టే లక్ష్మికి పనికన్నా పనిలేని మగవాళ్ల ఫోన్లే ఎక్కువ వచ్చాయి. ఇంట్లో గొడవయ్యి, పేజీ తీసెయ్యమని ఏడ్చింది. మేడం పేజీ తియ్యలేదు. అందరి పేజీల్లోనూ తన నంబరు పెట్టేశారు. ఎవరు చేసినా ముందు "మీ పేరు, మీ కాలనీ చెప్పండి" అనేవారు. పని సంగతి ఆ తర్వాతే. ఒకాయన లక్ష్మి నంబరు కావాల్సిందేనన్నాడు. "ఫోను మీ ఆవిడకివ్వండి, కొలతలు ఆవిడే చెబుతుంది" అన్నారు మేడం. ఆయన మళ్లీ చెయ్యలేదు.

నా పేజీ అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. నాకప్పుడు అక్షరాలు రావు. మీరే చదివి వినిపించండి, సరే అంటానన్నాను.

"నేను చదివితే నా మాటకు సరే అన్నట్టవుతుంది యాదమ్మగారూ. మీ గురించి రాసింది మీరే చదవండి. అప్పుడే పెడతాను."

కోపమొచ్చింది. నల్లగొండ నుంచి వచ్చి ఇన్నేళ్లు బతికిన, ఈ వయసులో నాకు గీ పరీక్షేంది అని లక్ష్మి దగ్గర తిట్టుకున్నాను. అయినా మధ్యాహ్నాలు వాళ్లింటికి పోయేదాన్ని. ఆ పేజీయే నా వాచకం. చివరిదాకా చదివి, "సజ్జరొట్టెల ముచ్చట రాయలేదేంది మేడం?" అని అడిగిన రోజు ఆమె మిఠాయి తెప్పించి పంచారు.

నిన్న మాధవి ఫోను చేసింది. "అమ్మ నంబరు తీయించేద్దాం ఆంటీ. ఆ నంబరుకు చేసినప్పుడల్లా అమ్మే ఎత్తుతుందేమో అనిపిస్తోంది" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ ఆ నంబరు పోతే ఇంతమందికి పని ఎట్ల వస్తుంది? నా నంబరు పెడదామంటే భయం. పైగా మేడం ఉన్నారా అని అడిగినవాళ్లకు ఈ నెలంతా 'బయటికి పోయిన్రు' అనే చెబుతున్నాను. చనిపోయారన్న మాట నోటికి రాలేదు.

ఫోను పెట్టేసి ఇది రాయడానికి కూర్చున్నాను. రాశాక, ఆమె చెప్పినట్టే మొదటినుంచి చదువుకున్నాను. పోయారని నా చేత్తోనే రాసి ఉంది. అందరి బెదురునూ తన ఒక్క నంబరు మీద వేసుకున్న మనిషి మనకు మళ్లీ దొరకదు.

ఈ పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మాధవి ఇంటికి వెళ్లి మేడం ఫోను ఆమె చేతిలో పెట్టాను. అన్ని పేజీల్లోనూ నా నంబరు వేయించాను. ఎల్‌బీ నగర్‌లో ఆటో దిగుతుంటే నా ఫోను మోగింది. ఎవరో ఆవిడ, ఈ పేజీలో రత్నంగారి నంబరుండేది కదండీ అంది.

"ఆమె చనిపోయిన్రమ్మా. నేను యాదమ్మను. మీ పేరు, మీ కాలనీ చెప్పుండ్రి" అన్నాను.