విప్పని మడతల పరికిణీ

మా చిన్నతనంలో ఏ ఆడపిల్ల పరికిణీ చూసినా అడుగున మడతలు కనిపించేవి... పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కో మడత కుట్టు విప్పితే ఆ పరికిణీ ఇంకో ఏడాది వచ్చేది. మా పెనుగంచిప్రోలులో అమ్మలందరూ అలాగే కుట్టించేవాళ్ళు.

నా ఈడు పిల్లలకు ఏటా మడతలు విప్పుతూనే ఉండేవాళ్ళు. నావి మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని నేనే. మొదట్లో నాకదేం బాధనిపించలేదు. బాధంతా అమ్మది. బడి తెరిచే ముందు నన్ను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద అరచెయ్యి పెట్టి చూసేది. కిందటేడు గీసిన బొగ్గు గీత దగ్గరే చెయ్యి ఆగిపోయేది. అమ్మ లోపలికి వెళ్ళిపోయేది.

అయినా కొత్త గుడ్డ కోసం జగ్గయ్యపేట వెళ్ళినప్పుడల్లా పెద్ద పెద్ద పువ్వులు, జానెడు అంచు ఉన్నదే తెచ్చేది. "రేపు ఎదిగితే నిండుగా ఉంటది" అనేది. నడుము చుట్టూ ఒత్తుగా కుచ్చు, అడుగున లావుపాటి మడతలు. అది కట్టుకుంటే నేను కనపడేదాన్ని కాదు, పరికిణీయే కనపడేది. బళ్ళో పిల్లలు నాకు 'గంప' అని పేరు పెట్టారు.

అప్పటినుంచి నాకూ బాధ మొదలైంది.

ఆ ఏడు బడి తెరిచాక ఎవరో అమ్మకు ఒక పొడి సంగతి చెప్పారట... పాలల్లో కలిపి తాగిస్తే పిల్లలు సాగుతారని. అమ్మ నాన్నకు చెప్పకుండా తెప్పించింది. రోజూ పొద్దున్నే గ్లాసు పట్టుకుని నా ఎదురుగా నిలబడేది. ఒకటే చేదు.

"మింగెయ్యి తల్లీ... నీ మంచికేగా."

మింగేదాన్ని. నాకూ పొడుగవ్వాలనే ఉండేది మరి.

కొన్నాళ్ళకు మొహం ఉబ్బింది. కడుపులో నొప్పి. తిండి సయించేది కాదు. ఒకరోజు బళ్ళో కళ్ళు తిరిగి పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నందిగామలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అమ్మ కొంగు ముడి విప్పి పొట్లం బయటికి తీసింది. నాన్న అప్పుడే చూశాడు దాన్ని.

"ఇందులో ఏం కలిపారో నాకూ తెలీదమ్మా" అంది డాక్టరమ్మ. "ఇంకొన్నాళ్ళు తాగి ఉంటే పిల్ల దక్కేది కాదు. మీ అమ్మాయి పొట్టిదే గానీ రోగిష్టిది కాదు. మీరే చేశారు."

నాన్న కేకలెయ్యలేదు. "నాతో ఒక్క మాట చెప్పాలిగా" అన్నాడంతే. తర్వాత చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు.

అమ్మ చెల్లెలు, మా సరోజ పిన్ని, నందిగామలోనే ఉండేది. ఆసుపత్రి నుంచి నన్ను వాళ్ళింటికే తీసుకెళ్ళారు. పిన్ని కూడా పొట్టిదే, దాదాపు నా అంతే. కానీ తను కట్టుకునే తీరుకు, వీధిలో వెళ్తుంటే ఎవరికీ ఆ సంగతి తట్టేది కాదు.

నేను కాస్త కోలుకున్నాక పిన్ని నన్ను బట్టల కొట్టుకు తీసుకెళ్ళింది. పెద్ద పువ్వులు పక్కకు నెట్టేసి, సన్నటి నిలువు చారల గుడ్డ, దానిమీదికి అదే రంగు జాకెట్టు గుడ్డ తీసింది. అంచు వేలెడు చాలంది. నడుము దగ్గర కుచ్చు తగ్గించి, చీలమండ దాకా తిన్నగా జారేలా కుట్టిద్దామంది. మడతలు అసలొద్దంది.

పిన్ని ఇంటికొచ్చాక అమ్మ ఆ గుడ్డ చూసి, మడతలొద్దన్న మాట విని మొహం ముడుచుకుంది.

"మడత లేకుండా కుట్టిస్తే ఇంక ఎదగదని మనమే ఒప్పుకున్నట్టు కదే."

"ఒప్పుకుంటే ఏమైందక్కా? పిల్ల పోయుంటే ఏం చేసేదానివి?"

అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. "కాపరానికి వచ్చిన రోజే మా అత్త నలుగురిలో అంది... ఇంటికి పొట్టి విత్తనం తెచ్చుకున్నామని. ఇది పుట్టినప్పుడు మళ్ళీ అంది. నేను పడ్డ మాటలు ఇది పడకూడదనుకున్నా సరోజా... అంతే."

మా నాయనమ్మ అలా అందని నాకు అప్పటిదాకా తెలియదు. పిన్ని లేచింది. వెళ్ళి అక్క పక్కన కూర్చుంది.

కొత్త పరికిణీ కట్టుకుని అద్దంలో చూసుకున్నాను. పొడుగేమీ అవ్వలేదు. కానీ మొదటిసారి నేను కనిపించాను. బళ్ళో 'గంప' అనడం వెంటనే మానలేదు... మెల్లగా మర్చిపోయారు.

అమ్మ మాత్రం మర్చిపోలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నాకు తన చేత్తో పాల గ్లాసు అందించలేదు. తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయేది. తాగానో లేదో అడిగేది కాదు. ఆ పొడి సంగతి మేమిద్దరం ఇప్పటిదాకా ఎత్తలేదు. ఎత్తితే అమ్మ తట్టుకోలేదని నా భయం.

మొన్న మా ఆడవాళ్ళ గ్రూపులో ఒకమ్మాయి, పొట్టిగా ఉండేవాళ్ళకు ఎలాంటి స్కర్టు బాగుంటుందండీ అని అడిగింది. చిన్న డిజైను, సన్నంచు, పైనా కిందా ఒకే రంగు, నడుము కాస్త పైకి కట్టుకో అని రాశాను. అన్నీ పిన్ని చెప్పినవే. కాసేపటికి ఆ అమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది... "మా అత్తగారు రోజూ ఏదో ఒకటి అంటున్నారక్కా, అందుకే అడిగా" అని.

ఆమెకు జవాబుగానే ఇదంతా రాసి గ్రూపులో పెడుతున్నాను.

ఇప్పుడు ఏ కొలతకైనా స్కర్టు ఇంటికే వస్తోంది, నప్పకపోతే వెనక్కి పంపేస్తున్నాం. పక్కన కూర్చుని "ఒప్పుకుంటే ఏమైంది" అనే పిన్నులే తగ్గిపోయారు... మీ ఒడ్డూ పొడుగూ గురించి ఎవరైనా మాటంటే, అప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారు? చెప్పండి, ఆ అమ్మాయి కూడా చదువుతుంది.