మా అకౌంట్స్ సారు గీసిన గీత

మా అకౌంట్స్ సారు పోయారు. బడిలో ప్రేయర్ బెల్లు కొట్టి పిల్లలను వరుసల్లో నిలబెడుతుంటే ఫోన్ మోగింది. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "తెల్లారి పోయినాడమ్మా మీ సారు. నొప్పి లేకుండానే పోయినాడు" అని చెప్పి పెట్టేసింది. పిల్లలు ప్రార్థన అందుకున్నారు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. సారుకు ఇంకొన్నాళ్లు బతికే దారి ఒకటి ఉండింది. మాకు నేర్పిన పాఠాన్నే తన మీద వేసి చూసుకుని, ఆ దారి వద్దన్నారు.

అనంతపురంలో నేను బీఎస్సీ చదివాను. చెట్లూ పురుగులూ చదువుకునే మాకు ఒక ఏడాది అకౌంట్స్ పేపరు అంటగట్టారు. మేమేమైనా కిరాణా కొట్లు పెట్టబోతున్నామా అని మూతులు ముడుచుకుని కూర్చున్నాం. సారు వచ్చారు. సుద్దముక్కలు జేబులో వేసుకుంటారు కాబట్టి చొక్కా ఏ రంగుదైనా జేబు మాత్రం తెల్లగా ఉండేది. హాజరు తీసుకోలేదు, పుస్తకం తెరవలేదు. ఇంట్లో బోరు ఫెయిలైనవాళ్లు చేతులెత్తమన్నారు. ముదిగుబ్బ నుంచి వచ్చిన నేను ఎత్తాను. పక్కకు చూస్తే దాదాపు క్లాసంతా ఎత్తింది.

ఎండిపోయిన బోరును ఆస్తుల్లో రాయాలా, అప్పుల్లో రాయాలా అని అడిగారు. క్లాసులో పెద్ద గొడవ. మా భూమిలోనే ఉంది కదా, ఆస్తే అన్నాడు యాడికి అనే ఊరి నుంచి వచ్చినవాడు. బ్యాంకువాళ్లు ఇంకా ఇంటికొస్తున్నారు, అప్పే అన్నాను నేను. తెచ్చిన డబ్బు అప్పే, అది తీర్చాల్సిందే, కానీ ఆ గుంత మాత్రం ఆస్తీ కాదు అప్పూ కాదు, అయిపోయిన ఖర్చు అన్నారు సారు. ఆస్తి అనుకున్నన్నాళ్లు మీ నాయనలు దానికి కాపలా కాస్తూనే ఉంటారన్నారు. ఆ తర్వాత బోర్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీశారు.

"గీతకు పైన పోయింది రాయండి. దానికి ఏడ్సండి, వద్దనను. గీతకు కిందికొచ్చినాక కండ్లు తుడుసుకోని, రాబోయేది మాత్రమే లెక్క చేయండి."

అదీ మా మొదటి పాఠం. మిగతా అకౌంట్స్ అంతా ఆయన అలాగే చెప్పారు. తరుగుదల అంటే ఏమిటో బావిలో మోటారుతో చెప్పారు. మోటారు ఒక్కరోజులో చావదట, ఏటా కొంచెం కొంచెం చస్తుందట. అందుకని ఏటా కొంచెం డబ్బు పక్కన పెట్టుకోవాలట. ఎవరైనా నష్టం అనే మాటను సిగ్గుపడుతూ చిన్నగా అంటే ఒప్పుకునేవారు కాదు. గట్టిగా చెప్పు, నువ్వేం దొంగతనం చేయలేదు కదా అనేవారు. ఇంత చెప్పిన మనిషి మార్కెట్‌కు పోతే మాత్రం పుచ్చు వంకాయలు మంచి ధర పెట్టి కొనుక్కొచ్చేవారు. క్లాసులో లెక్కలన్నీ అయిపోతాయి, ఇంటికి ఏమీ మిగలవు అని అమ్మ మా ముందరే దెప్పేది. ఆయన నవ్వుతూ వంకాయలు తరగడానికి కూర్చునేవారు.

ఆ ఏడాదే మా నాయన ఇంకో బోరు వేయడానికి సిద్ధమయ్యాడు. అంతకు ముందు వేసినవాటిల్లో నీళ్లు పడలేదు, దుమ్మే లేచింది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసేవాడు వచ్చి, చేని మూలన చోటు చూపించి పోయాడు. బోరు లారీకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు నాయన. ఇంత పోసినాక ఇప్పుడు ఇడ్సిపెడితే ఎట్ల అన్నదే ఆయన మాట. నా చదువు ఆ ఏటితో ఆగిపోతుందని నాకు తెలుసు. సారుకు చెప్పి ఏడ్చాను. ఆదివారం ఆయన బస్సెక్కి మా ఊరొచ్చారు.

సారు పాఠమేమీ చెప్పలేదు. నాయనను వెంటబెట్టుకుని చేనికి పోయి, ఒక్కో బోరు దగ్గర నిలబడి, దీని కథ ఏందన్నా అని అడిగారు. మొదటిది నేను పుట్టిన ఏడు వేసిందట. ఇంకోదానికి మా అమ్మ గాజులు పోయాయి. ఇంకోదాంట్లో చెమ్మ తగిలిందని ఊళ్లో అందరికీ బెల్లం పంచాడట, తెల్లారేసరికి ఆ చెమ్మా లేదు. ఆ మాట చెబుతూ నాయన ఏడ్చాడు. మా నాయన ఏడవడం అంతవరకు నేను చూడలేదు. సారు తొందరపడలేదు. కండువాతో నాయన ముఖం తుడుచుకున్నాక, మడమతో దుమ్ములో ఒక గీత గీసి, నాయన చెయ్యి పట్టి ఇవతలికి దాటించారు.

"ఇప్పుడు చెప్పన్నా. నీ చేన్లో ఇంతకుముందు ఒక్క బోరు గూడా లేదనుకో. ఈ దుడ్లు ఈ పొద్దే చేతికొచ్చినాయి. ఏం చేస్తావు?"

నాయన చాలాసేపు చేనివైపే చూసి, గొర్రెలు కొనుక్కుంటానన్నాడు. అంతే. లారీని వెనక్కి పంపాడు, అడ్వాన్సు పోయింది. ఆ గొర్రెలతోనే నా చదువు గడిచింది, ఈ టీచరు ఉద్యోగమూ వచ్చింది. ఆ రోజు బస్సుకు టైమున్నా సారు కూర్చోలేదు. బోరు గుంతలు తెరిచి ఉన్నాయని నాయన మీద కోప్పడి, ఇద్దరూ కలిసి ఒక్కోదాని మీద బండలు మోసుకొచ్చి పెట్టారు. పిల్లలు ఆడుకునే చోట ఇట్ల ఇడ్సిపెడతారా అని బస్సు దాకా దారంతా తిట్టారట.

ఇంకొకటి చెప్పాలి. మా క్లాసులో ఒకడికి అకౌంట్స్ అసలు ఎక్కేది కాదు. ఎన్నిసార్లు తప్పినా సారు ఇంటికి పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. నా నోరు ఊరుకోదు. సార్, మీరు వాడి మీద బోరు మీద బోరు వేస్తున్నారు, గీత గీసేయండి అన్నాను. సారుకు నా మీద కోపం రావడం ఆ ఒక్కసారే చూశాను.

"మనిషి బోరు గాదమ్మా" అన్నారు.

వాడు చివరికీ ఆ పేపరు పాస్ కాలేదు. మొన్న సారు పాడెను ముందువైపు మోసింది వాడే.

పోయిన ఏడాది సారుకు జబ్బు బయటపడింది. బెంగళూరు తిప్పారు. పిల్లలు లేని ఇల్లు. దాచుకున్నది అయిపోయింది, మేం తలా కొంత వేసుకున్నదీ అయిపోయింది. ఇంకా చేయించాలంటే ఇల్లు అమ్మాలి. అమ్మ అమ్ముతానంది. సారు చాలన్నారు. నేను పోట్లాడదామనే పోయాను. మంచం మీద సగమైపోయి ఉన్నారు. దుప్పటి మీద వేలితో అడ్డంగా ఒక గీత గీశారు, నేను అటు చూడనన్నాను.

"మనిషి బోరు గాదని మీరే చెప్పినారు సార్" అన్నాను.

పొయ్యి దగ్గర గంజి కాస్తున్న అమ్మవైపు చూశారు.

"అవునమ్మా. ఆమె గూడా మనిషే గదా. గీతకు కింద ఆమె ఒక్కతే ఉండాది. ఇల్లమ్మితే యాడ పోతాది?"

ఆయన లెక్క తప్పలేదు. తప్పితే బాగుండునని, ఒక్కసారి, ఈ ఒక్క లెక్కలో మా సారు తప్పితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

సారును తనకల్లు దగ్గర వాళ్ల చేనిలోనే మట్టి చేశారు. నేను అక్కణ్ణుంచి నేరుగా మా ఊరికి పోయాను. గొర్రెలు ఈనే రోజులు కావడంతో నాయన రాలేకపోయాడు. దొడ్డి దగ్గర నిలబడి అంతా విన్నాడు. గొర్రెలను వదిలి చేనికి తోలుకుపోతుంటే నేనూ వెంట నడిచాను. మొదటి బోరు బండ దగ్గర ఆగి, కర్ర కింద పెట్టి, మడమతో దుమ్ములో ఒక గీత గీశాడు. కండువా తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, గీతకు పైవైపునే కూలబడ్డాడు.

నేనూ పక్కన కూర్చున్నాను. గొర్రెలు మమ్మల్ని తప్పుకుని, గీత మీద తొక్కుకుంటూ అవతలికి పోయి మేస్తున్నాయి. మేం లేవలేదు.